మణికొండ జాగీరు: సర్కారు దఫ్తరులో దర్గా

హుస్సేన్‌సాగర్ తెలియని హైదరాబాదీ ఉండడు. ఆ చెరువుకు పేరిచ్చిన హజ్రత్ హుస్సేన్ షా వలీ సమాధి ఎక్కడుందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో, 1562 ప్రాంతంలో, చెరువు పని దగ్గరుండి చేయించిన సూఫీ ఆయన. షేక్‌పేట దాటి గచ్చిబౌలి వైపు వెళ్తుంటే ఆయన దర్గా తగులుతుంది. ఆ దర్గా పేరున నడిచిన భూ తగాదా ఐటీ కారిడార్‌లో పెద్ద భాగాన్ని ఏళ్ల తరబడి కోర్టుల్లో నిలబెట్టింది.

మణికొండ ఆ దర్గాతో ముడిపడిన జాగీరు. ఊరి రాబడి అనుభవించేవాళ్లు దర్గా సేవ సాగించాలన్నది షరతు. ఇలాంటి గ్రాంటును నిజాం దఫ్తర్లలో మష్రూతుల్ ఖిద్మత్ అనేవారు. ఇనాములూ రోజువారీ భత్యాలూ దర్గాలకే కాదు, గుళ్లకూ మఠాలకూ ఉండేవి. అన్ని మతాల సంస్థల వ్యవహారాలూ చూసింది ఉమూర్-ఎ-మజహబీ అనే ఒకే శాఖ. దీన్ని ఉదారత అని మెచ్చుకునేవాళ్లు చాలామంది. ఉదారత నిజమే, దాంతోపాటు పట్టు కూడా సర్కారు చేతిలోనే ఉండేది. కొత్త గుడి కట్టాలన్నా, హోమకుండం పెట్టుకోవాలన్నా, ఊరేగింపు తీయాలన్నా అనుమతి చీటీ రావాలి. 1938-39లో ఆర్యసమాజం సత్యాగ్రహానికి దిగి వేలమంది జైళ్లకు వెళ్లింది ఈ చీటీల మీదే. అదే 1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. వాళ్లలో పలువురు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు, పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. దేవుడి ఖర్చు భరించిన సర్కారే మనిషి ఏం పాడాలో, ఎక్కడ మొక్కాలో కూడా చెప్పాలనుకుంది. హైదరాబాద్ చరిత్రలో ఈ రెండింటినీ విడదీసి చదివితే ఏదీ సరిగా అర్థం కాదు.

1948 పోలీసు చర్యతో హైదరాబాద్ భారత్‌లో కలిశాక, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన కమ్యుటేషన్ రెగ్యులేషన్ భూమికి బదులు నగదు లెక్క కట్టింది. దర్గా సేవ కోసం ఇచ్చిన జాగీరు కూడా మామూలు జాగీరు లాగే సర్కారులో కలిసిపోతుందా, లేక దేవుడి పేరున శాశ్వతంగా వదిలిన వక్ఫా? ప్రశ్న అప్పుడే పుట్టింది, కానీ అప్పట్లో ఎవరికీ తొందర లేదు. అదంతా రాళ్ల గుట్టలూ తుప్పలూ నిండిన నేల.

తొందర 1998లో వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ గచ్చిబౌలిలో తలుపులు తెరిచింది. గుట్టలు పగిలాయి. ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ ద్వారా భూములు ఒక్కొక్కటిగా చేతులు మారాయి. మణికొండలోనే 108 ఎకరాల్లో ల్యాంకో హిల్స్ మొదలైంది.

1989 గెజిట్‌లో వక్ఫ్ బోర్డు ఈ దర్గాకు చూపిన విస్తీర్ణం 5,506 చదరపు గజాలు, ఎకరం కంటే కాస్త ఎక్కువ. 2006లో అదే బోర్డు ఒక సవరణ ప్రకటన వేసి 1,654 ఎకరాల 32 గుంటలు దర్గావేనని చెప్పింది. వక్ఫ్ ట్రిబ్యునల్‌లోనూ, 2012లో హైకోర్టులోనూ బోర్డు మాట నెగ్గింది. 2022 ఫిబ్రవరి 7న జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం హైకోర్టు తీర్పును రద్దు చేసింది. భూమి రాష్ట్రానిదేనని తేల్చింది, సవరణ ప్రకటనను కొట్టేసింది.

విచారణ జరపకుండా ఒక ప్రకటనతో ఎకరాన్ని పదహారు వందల ఎకరాలు చేయడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. తగాదా తేలకముందే ప్రభుత్వం భూములు అప్పగించుకుంటూ పోవడం కూడా అంతే. కాపలాదారు, అమ్మకందారు, కక్షిదారు అన్నీ ప్రభుత్వమే అయిన కేసు ఇది. అవతల నిలబడ్డ బోర్డు కూడా ప్రభుత్వం ఏర్పాటు చేసినదే. ఉర్సుకు గంధం పట్టుకొచ్చేవాళ్ల గొంతు మాత్రం ఏ కాగితంలోనూ వినపడదు. రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛను మనిషికిచ్చింది, 26లో ఆస్తి నిర్వహణను మత సంస్థకిచ్చింది. మన రాజకీయం రెండోదాని చుట్టూనే తిరుగుతోంది. ఒక పక్షం వక్ఫ్‌ను దోచారంటుంది, మరో పక్షం వక్ఫే దోచిందంటుంది. 25వ అధికరణం ఊసు ఇద్దరికీ పట్టదు.

మణికొండ కథ మణికొండలో ఆగలేదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం, పత్రం లేకున్నా చిరకాల వాడుకను బట్టి వక్ఫ్‌గా గుర్తించే పద్ధతిని ఇకముందు లేకుండా చేసింది. ఆ నిబంధనను ఆపడానికి సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15న నిరాకరిస్తూ, ఈ మణికొండ తీర్పునే ఉదాహరణగా చూపింది. అదే చట్టంలో ఇంకో మాట ఉంది: వక్ఫ్ చేయదలచినవాడు కనీసం ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపించాలి. భూమి ఎవరిదో రికార్డులు చూసి తేల్చవచ్చు. మనిషి నమ్మకం ఎన్నేళ్లదో తేల్చే అధికారం ఏ దఫ్తరుకూ ఉండకూడదు. కోర్టు ఆ ఐదేళ్ల షరతును నిలిపివేసింది, కానీ శాశ్వతంగా కాదు, ఆచరణను ఎలా నిర్ధారించాలో నిబంధనలు తయారయ్యేవరకే. ఆ నిబంధనలు రాయాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు.