చిన్న చేతుల చందా: దయ నుండి న్యాయం దాకా



1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరాన్ని పెనుతుపాను ముంచెత్తింది. అప్పట్లో నేను కోనసీమలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. బాధితులకోసం పిల్లలందరివద్దా తలకొక రూపాయి వసూలు చేయవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. ఐదవ తరగతిలో పేర్లు పిలుస్తూ రూపాయలు తీసుకొంటున్నాను. వెనుక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచి, "మేష్టారండీ, మూడేళ్ళ కిందట మాకు పోయినట్టే వాళ్ళకీ ఇళ్ళు పోయాయాండీ?" అన్నాడు. పోయాయన్నాను. "అప్పుడు మాది తాటాకిల్లు, పోయిందండీ. పెద్దవీధిలో డాబాలేవీ పోలేదండీ. అక్కడా అంతేనాండీ? ఎప్పుడూ మావే ఎందుకు పోతాయండీ?" అన్నాడు.

1996 నవంబరు 6 నాటి తుపాను ఆ ఊళ్ళో ఎవరికీ మరపు రాలేదు. వాడు అడిగినది అల్లరి ప్రశ్న కాదని నాకు తెలుసు. అయినా, "ముందు రూపాయి తెచ్చావో లేదో చెప్పు, కూర్చో" అన్నాను. వాడు రూపాయి ఇచ్చి కూర్చున్నాడు. చందా పూర్తయింది. ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఉద్యోగవిరమణ తరువాత తీరిక చిక్కి, బడిపిల్లలచేత పరోపకారం చేయించే పద్ధతి ఎక్కడెక్కడ ఎలా సాగిందో చదవసాగాను. ఈ పనిని చాలాకాలంగా, చాలా విస్తారంగా చేసినవి క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలు. ఆ కుర్రవాడి ప్రశ్న నూట ఎనభై యేళ్ళ ఆ చరిత్రలో కూడా నాకు ఎదురైంది. దానిని గురించే ఈ వ్యాసం.

ఫ్రాన్సు దేశంలో లియోన్ పట్టణానికి చెందిన పొలీన్ జరికో అనే యువతి, పట్టుమిల్లుల కార్మికులనుండి వారానికొక 'సూ' చొప్పున పోగుచేసి, విదేశాలలోని మతప్రచారకులకు పంపే పద్ధతి నెలకొల్పింది. సూ అంటే ఫ్రాంకులో ఇరవయ్యో వంతు. దాని నుండే 1822లో ఒక పెద్ద సంస్థ ఏర్పడింది. నాన్సీ నగరపు బిషప్పు ఫోర్బాన్ జాన్సన్ ఆమెతో మాట్లాడి, ఈ పద్ధతినే పిల్లలకు వర్తింపజేశాడు. 1843లో ఆయన స్థాపించిన పవిత్ర బాల్య సంఘంలో నియమాలు రెండే: పిల్లలు రోజూ ఒక చిన్న ప్రార్థన చేయాలి, నెలకొక సూ ఇవ్వాలి. ఆ సొమ్ము ముఖ్యంగా చైనాలో దిక్కులేని శిశువులకోసం. బిషప్పు మరుసటి యేడే కాలం చేశాడు కాని, సంఘం ఐరోపా అంతటా పాకింది. 1846లో జర్మనీలోని ఆఖెన్ నగరంలో దానికి శాఖ పెట్టినది పెద్దలెవరూ కారు. ఔగుస్తె ఫాన్ సార్తోరియుస్ అనే ఒక వైద్యుని కుమార్తె. అప్పటికి ఆమె వయస్సు పదిహేనేళ్ళు.

పిల్లలకోసం పిల్లలే ఇవ్వడమన్న ఊహలో ఒక నిర్మలత ఉంది. మిఠాయికి దాచుకొన్న కాసును డబ్బాలో వేసిన పసివాడి మనసును ఎవరూ శంకించనక్కరలేదు. శంకించవలసినది ఆ కాసు వెంట పెద్దలు చెప్పిన కథను. చైనావారు తమ బిడ్డలను పారవేసే కఠినాత్ములనీ, ఆ బిడ్డలను మనం రక్షించాలనీ పిల్లలకు చెప్పేవారు. అక్కడి కరవులనూ యుద్ధాలనూ చెప్పినవారు తక్కువ. నల్లమందు యుద్ధం ముగిసి, విదేశీయులకు రేవులు తెరవక తప్పని స్థితికి చైనా వచ్చినది 1842లో. ఆ మరుసటి యేటనే ఈ సంఘం పుట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పిన ఉపాధ్యాయులు ఎందరుంటారు?

కథలో సగం దాచిపెడితే దయ ఎంతటి చిక్కు తెచ్చిపెడుతుందో 1870లో తియాన్‌జిన్ నగరంలో తేలింది. అక్కడి ఫ్రెంచి సన్యాసినులు అనాథాశ్రమం నడుపుతూ, బిడ్డలను తెచ్చి అప్పగించినవారికి కొంత సొమ్ము ఇచ్చేవారు. వారి ఉద్దేశం మంచిదే. కాని బిడ్డకు సొమ్ము ముడుతుందనగానే, పిల్లలను ఎత్తుకుపోయి అమ్ముతున్నారన్న అనుమానం ఊరంతా వ్యాపించింది. ఆశ్రమంలో అంటువ్యాధి సోకి చాలామంది శిశువులు మరణించడంతో, కళ్ళూ గుండెలూ పెరికి మందులు చేస్తున్నారన్న వదంతి పుట్టింది. జూన్ 21న ఫ్రెంచి కాన్సుల్ కాల్పులకు దిగగా, మూకలు విరుచుకుపడ్డాయి. కాన్సుల్, పదిమంది సన్యాసినులు, ఎందరో చైనా క్రైస్తవులు హతులైనారు. ఆ హత్యలను ఎవరూ సమర్థించలేరు. అయితే, ఇచ్చేవాడికీ పుచ్చుకొనేవాడికీ నడుమ ఒకరినొకరు ఎరగనితనం ఎంత పెరిగిందో ఆ రోజు చెప్పింది.

అయినా పద్ధతి వెంటనే మారలేదు. 1950లలో కూడా అమెరికాలోని కథోలిక బడులలో తరగతికొక అట్టడబ్బా ఉండేది. ఐదు డాలర్లు పోగైతే దూరదేశపు అన్యమత శిశువు ఒకరికి జ్ఞానస్నానపు పేరు పెట్టే హక్కు ఆ తరగతికి దక్కేది. అందుకొక యోగ్యతాపత్రమూ వచ్చేది. ఆనాటి పిల్లలు పెద్దవారై ఆ సంగతిని నవ్వుతూనే, కొంత సిగ్గుతోనూ తలచుకొంటారు. ఆ శిశువుకు ముందే ఒక పేరు ఉండి ఉండవచ్చునని, ఆ పేరు పెట్టిన తల్లి ఒకతె ఉంటుందని తరగతిలో ఎవరికీ తోచకపోవడమే అందులోని లోపం.

ఇక్కడ పండితుని చాపల్యం కొద్దీ రెండు మాటలు. సంస్కృతంలో దయకు 'అనుకంప' అని మరొక పేరు. ఎదుటివాడు కంపిస్తే, వానితోపాటు తానూ కంపించడం. 'న్యాయం' అనేది విషయాన్ని ఒక నిర్ణయం దాకా తీసుకొనిపోయేది. కంపించడం ఒక్క క్షణంలో జరిగే పని. తీసుకొనిపోవడానికి దూరం నడవాలి. పసిపిల్లలకు మొదటిది సహజంగా అబ్బుతుంది. రెండవది వారికి అందదని పెద్దలు తామే తీర్మానించుకొన్నారు.

ఆ తీర్మానం తప్పని మెల్లగా తేలిన వైనం ఆఖెన్ సంస్థ చరిత్రలోనే ఉంది. మన పల్లెల్లో ఒకప్పుడు దసరా నవరాత్రులలో వీధిబడి పిల్లలు విల్లంబులు, గిలకలు పట్టుకొని, అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు చదివేవారు కదా. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. జర్మనీలో అటువంటిదే 'తార గాయకుల' ఆచారం. జనవరి 6 పండుగ రోజులలో పిల్లలు ముగ్గురు రాజుల వేషం వేసుకొని, కర్రకు కట్టిన నక్షత్రంతో ఇల్లిల్లూ తిరిగి పాడి, గుమ్మం మీద సుద్దముక్కతో ఆశీర్వాదపు అక్షరాలు వ్రాస్తారు. మధ్యయుగాలనాటి ఈ ఆచారాన్ని 1959లో ఆఖెన్ సంస్థ ఇతర దేశాల బాలలకోసం చందా వసూలుగా మలచింది. మొదటి యేడు వచ్చినది తొంభైవేల మార్కులకు అటూ ఇటూ. ఇప్పటిదాకా వచ్చిన మొత్తం వంద కోట్ల యూరోలు ఎప్పుడో దాటింది. 2015లో జర్మనీ ఈ ఆచారాన్ని తన అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చుకొన్నది.

సొమ్ము కన్న నన్ను ఆకట్టుకొన్నది వారి మాటలో వచ్చిన మార్పు. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ తరువాత అన్యమతస్థులను చూచే చూపు మారింది. 1971లో రోములో జరిగిన బిషప్పుల సభ, న్యాయంకోసం పాటుపడడం మతబోధనలో విడదీయరాని భాగమని ప్రకటించింది. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. ఈ మార్పుల ఫలితం తార గాయకుల నినాదాలలో కనబడుతుంది. 2018లో వారి విషయం బాలకార్మికత. ఉదాహరణగా తీసుకొన్న దేశం మన భారతదేశం. 2025లో బాలల హక్కులు. 2026లో బంగ్లాదేశును ఉదాహరణగా తీసుకొని, కర్మాగారం కాదు, బడి కావాలన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు కిరీటం పెట్టుకొని గుమ్మంలో నిలబడి, "పాపం, పేదపిల్లలు" అనడంతో ఆగడం లేదు. ఆ పిల్ల బడిలో ఉండవలసిన వేళ పనిలో ఎందుకు ఉన్నదని అడుగుతున్నాడు.

ఆ ప్రశ్న మనకు పరాయిది కాదు. మన ఆడవారి చేతులకు వన్నె తెచ్చే ఫిరోజాబాదు గాజుల వెనుక ఎందరు పసివాళ్ళ కళ్ళు మసకబారాయో చాలామందికి తెలిసినదే. పేదరికం వల్ల పిల్లలు పనికి పోతారు, ఏం చేస్తామన్న జాలిమాటను మన తెలుగునేల మీదనే 1990లలో ఎం.వి. ఫౌండేషన్ తిరగవేసింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే, బడి వాని హక్కు అని రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసి చూపింది. ఆ కృషికి శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం లభించింది. అది మతసంస్థ కాదు. దారి మాత్రం ఇదే.

చివరగా ఒక బడి సంగతి. 1998లో కెనడాలోని కెంప్ట్‌విల్ అనే చిన్న ఊరి కథోలిక ప్రాథమిక పాఠశాలలో, ఒకటవ తరగతి ఉపాధ్యాయురాలు ఆఫ్రికాలో పిల్లలు నీటికోసం మైళ్ళు నడుస్తారని చెప్పింది. రయన్ హ్రెల్జాక్ అనే ఆరేళ్ళవాడికి తన గది నుండి మంచినీటి కొళాయి కొద్ది అడుగుల దూరమే. డెబ్బై డాలర్లకు బావి వస్తుందనుకొని, నాలుగు నెలలు ఇంటిపనులు చేసి కూడబెట్టాడు. తీరా వెళ్ళేసరికి అది చేతిపంపుకు మాత్రమే సరిపోతుందనీ, బావికి రెండువేలు కావాలనీ చెప్పారు. అయితే ఇంకొన్ని పనులు చేస్తానన్నాడు. 1999 జనవరిలో ఉత్తర ఉగాండాలోని అంగోలో ప్రాథమిక పాఠశాల వద్ద బావి పడింది. 2000లో వాడే అక్కడికి వెళ్ళి ఆ పిల్లలను కలుసుకొన్నాడు. మరుసటి యేడు వాని పేర ఒక సంస్థ ఏర్పడింది. ఆ ఉపాధ్యాయురాలు చందా అడగడంతో సరిపెట్టక, ఎంత దూరం, ఎంత ఖర్చు అని లెక్కలతో చెప్పింది. ఆ లెక్కే వాణ్ణి నడిపించింది.

నేను ఆ లెక్క చెప్పలేదు. ఈ రోజు ఆ తరగతి గది నాకు మళ్ళీ దొరికితే, నల్లబల్ల మీద రెండు ఇళ్ళు గీస్తాను: ఒకటి తాటాకుది, ఒకటి డాబా. గాలికి ఏది నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది, రెండవది కట్టుకోవడం కొందరికి ఎందుకు చేతకాలేదు అని ఆ కుర్రవాడితోనే చెప్పిస్తాను. ఆ తరువాత రూపాయి అడుగుతాను. అడగడం మాత్రం మానను. ఒరిస్సాలో ఆ వారం కావలసినది రూపాయే.

మీ చిన్ననాటి బడిలో ఇటువంటి డబ్బా ఉండేదా? దాని పక్కన ఎవరైనా లేచి ప్రశ్న అడిగారా? అప్పుడు మీ మేష్టారు ఏమన్నారు? తీరిక చేసుకొని వ్రాయగలరు.

స్వస్తి.