విశాల క్షేత్ర ఖగోళ కెమెరాలు: గాజు పలక నుంచి గిగాపిక్సెల్ దాకా

పెద్ద టెలిస్కోపులకు చూపు లోతెక్కువ, వెడల్పు తక్కువ. ఎంతో మసక నక్షత్రాన్ని పట్టుకునే పరికరం కూడా తరచూ ఒక్క ఫొటోలో నిండు చంద్రుడంత ఆకాశాన్ని ఇముడ్చుకోలేదు. ఆ లోటు తీర్చేందుకు వచ్చినవే విశాల క్షేత్ర డిజిటల్ కెమెరాలు. వాటి కథను సిలికాన్ చిప్పుతో మొదలుపెడితే హైదరాబాద్ వాటా మరుగున పడిపోతుంది.

ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీయాలని 1887లో పారిస్‌లో పలు దేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్ ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాల, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా అయింది. తర్వాత బేగంపేటకు మారింది. పారిస్ పథకంలో దక్షిణ క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటి కొలత) 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ దాని వంతుకొచ్చింది; ఆపైన ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా. 1918 నుంచి 1944 దాకా సంచాలకుడిగా ఉన్న టి.పి. భాస్కరన్ హయాంలోనే ఈ పనిలో ఎక్కువ భాగం నడిచింది.

ఇక్కడి కెమెరా 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. ఈ పథకం నియమం ప్రకారం 16 సెంటీమీటర్ల చదరపు గాజు పలక మీద రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పున్న ఆకాశం పడాలి. పలక మీద 5 మిల్లీమీటర్ల గళ్లు ముందే ముద్రించి ఉంటాయి. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ప్రతి నక్షత్రం గడి గీతలకు ఎంత దూరంలో ఉందో కంటితో కొలిచి రాసుకోవాలి. అలా కొలిచినవి నాలుగు లక్షలకు పైనే! ఆ ఓపిక వృథా పోలేదు. పలు దేశాల్లో తీసిన ఆ పాత కొలతలను హిప్పార్కోస్ ఉపగ్రహం కొలతలతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలతో టైకో-2 పట్టికను 2000లో వెలువరించారు.

గాజు పలకది ఒకటే బలహీనత: తన మీద పడ్డ కాంతిలో నూటికి ఒకటి రెండు వంతులే పట్టుకుంటుంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ కనుగొన్న సీసీడీ అనే కాంతిని పట్టే సిలికాన్ చిప్పు 80 వంతులకు మించి పట్టగలదు. కానీ చిప్పు మరీ చిన్నది. అందుకే విశాలాకాశం విషయంలో పలకలు చాలాకాలం నిలబడ్డాయి.

చిప్పుల్ని పక్కపక్కన పేర్చడంతో దారి తెరుచుకుంది. 1998లో స్లోన్ ఆకాశ సర్వే తన కెమెరాలో 30 సీసీడీలు పేర్చింది. 2012లో చిలీలోని 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపుకు 57 కోట్ల పిక్సెళ్ల డార్క్ ఎనర్జీ కెమెరా, హవాయిలోని 8.2 మీటర్ల సుబారుకు 87 కోట్ల పిక్సెళ్ల హైపర్ సుప్రీమ్-క్యామ్ అమరాయి.

ఇప్పుడు అన్నిటికంటే పెద్దది చిలీలోని వెరా రూబిన్ వేధశాలది: 320 కోట్ల పిక్సెళ్లు, 189 సీసీడీలు, సుమారు 3 టన్నుల బరువు. దీని చూపులో పక్కపక్కన ఏడుగురు పున్నమి చంద్రులు పడతారు. చిప్పుల మధ్య సందు దాదాపు అర మిల్లీమీటరు. ఒకదానికొకటి తగిలితే పగిలిపోతాయి కాబట్టి బిగింపుకు నెలలు పట్టింది. వేడికి పుట్టే దొంగ సంకేతాలను అణచడానికి చిప్పులను మైనస్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. తొలి చిత్రాలు 2025 జూన్‌లో విడుదలయ్యాయి. పదేళ్ల పాటు దక్షిణాకాశాన్ని కొన్ని రాత్రులకోసారి మళ్లీ మళ్లీ తీస్తూ, పాత చిత్రంతో పోల్చి, తేడా కనిపిస్తే 60 సెకన్లలో లోకానికి తెలపడం దాని లక్ష్యం.