పాతిక సైజు, యాభై సైజు

మోటారు సైకిళ్ల చరిత్రను చాలామంది బండి పేర్లతో చెబుతారు. బోరింగ్ మిషన్ పక్కన పెరిగినవాణ్ణి, నాకు కొలతలే గుర్తుంటాయి. బుల్లెట్ 350 బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు. జావా 65. హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 రెండూ 50. ఇవి కొత్త బండి లెక్కలు. తెనాలిలో మా నాన్న పెట్టిన లేతు షాపుకి వచ్చే బ్లాకు ఎప్పుడూ ఆ లెక్కలో ఉండదు. గేజి పెట్టి ఎంత అరిగిందో, ఎక్కడ గీరుకుందో చూస్తే, దాని మీద ఇంట్లో ఎవరు చెయ్యి చేసుకున్నారో సగం తెలిసిపోతుంది.

మనవాళ్లు సరదాకి పానా పట్టలేదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వచ్చింది, 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా, ఫరీదాబాద్‌లో రాజ్‌దూత్. అవి లైసెన్సుల రోజులు. చేతిలో డబ్బున్నా బండి వెంటనే దొరకదు, దొరికినా దాన్ని చూసే మెకానిక్ ఏ టౌనులోనో ఉంటాడు. ప్లగ్గు తుడుచుకోవడం, పాయింట్ల మధ్య సందు సరిచేసుకోవడం, చైను బిగించుకోవడం బండి నడపడంలో భాగమే. కట్నంలో బండి తెచ్చుకున్న అల్లుడు ఏడాదిలోపు దాని హెడ్డు విప్పకపోతే చేతకానివాడి కింద జమ. విప్పినవాళ్లే మా షాపుకి దారి చూపించారు కాబట్టి నేను వాళ్లను తిట్టలేను.

జావా, యెజ్డీ, రాజ్‌దూత్ - మూడూ టూ స్ట్రోకులే. వాటికి నూనె పెట్రోల్లోనే కలపాలి, లీటరుకు 30 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా, బండిని బట్టి. కొలిచి పోసేవాళ్లు తక్కువ. పొగ ఎక్కువైందని ఒకడు తగ్గిస్తాడు, మైలేజీ వస్తుందని ఇంకొకడు తగ్గిస్తాడు. క్రాంకు బేరింగులకైనా, బోరుకైనా ఆ పెట్రోలుతో వచ్చే నూనె తప్ప వేరే దిక్కు లేదు. పల్లంలో ఎక్సలేటరు మూసి గేరులో దించుకుంటూ వస్తే పెట్రోలుతోపాటు నూనే ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనప బోరు కన్నా ఎక్కువ ఉబ్బుతుంది. అంతే, బండి పట్టేసింది. చెట్టు కింద కాసేపు ఆగితే చల్లబడి వదులుతుంది, కిక్కు కొడితే స్టార్టవుతుంది. చాలామంది అక్కడితో గండం గడిచిందనుకునేవారు. బోరు గోడకి పూసుకున్న అల్యూమినియం పొర మాత్రం తిరిగిన ప్రతి కిలోమీటరుకీ రింగుల్ని కొరుకుతూ ఉంటుంది.

ఆ పొరను ఎమెరీ కాగితంతో ఇంట్లోనే రుద్దేసినవాళ్లు మా నాన్నకి ఎక్కువ పని తెచ్చేవారు. రాలిన గరుకు పొడి సగం క్రాంకులోకి జారుతుంది. బోరుకి పోవలసిన డబ్బుకి క్రాంకు బేరింగుల ఖర్చు తోడవుతుంది. మసి గీకడానికి బ్లాకు విప్పే రోజుల్లో ఇంకో రకం దెబ్బ వచ్చేది. టూ స్ట్రోకు పిస్టన్‌లో రింగు తిరిగిపోకుండా గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు రెండు కొసలూ దాని దగ్గర కలవాలి. గమనించకుండా బ్లాకు దించితే కొస వెళ్లి పోర్టు అంచుకి తగులుకుని విరుగుతుంది. రింగు చవకే. అది విరిగి బోరులో గీసిన గీతే ఖరీదు.

బుల్లెట్ దారి వేరు. ట్యాపెట్ చప్పుడు వినలేక బిగించేవాళ్లు దానికి శత్రువులు. పాత ఇనప ఇంజన్‌కి పద్ధతి సులువే: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మూసి ఉండగా, పుష్‌రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. అంతకు మించి బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట సందులోంచి పోతూ దాని అంచుని తినేస్తుంది. ఆయిల్ పంపును తిప్పే వార్మ్ నట్టుకి ఎడమ మర. మామూలు మరే అనుకుని బలమంతా పెట్టి ఎదురు తిప్పినవాళ్ల పనితనం మా బెంచి మీద చాలాసార్లు చూశాను.

ఇన్ని జరిగినా బళ్లు బతికాయి. అది మెకానిక్‌ల గొప్ప అంటారు, నేను ఒప్పుకోను. బతికించింది ఇనుము. బోరు చెడితే పాతిక పాయింట్లు, అంటే 0.25 మిల్లీమీటర్లు కోసి, ఆ సైజు పిస్టన్ వేస్తాం. మళ్లీ చెడితే యాభై, ఆ తరువాత డెబ్బై అయిదు, చివరికి వంద. అదీ అయిపోతే కొత్త స్లీవు కొట్టి మళ్లీ మొదటికి. ఒక్కో ఇంజన్‌కి నాలుగు తప్పుల అప్పు ముందే మంజూరై ఉండేది.

1985లో సీడీ 100 వచ్చాక తప్పు చోటు మారింది. పెట్రోలు పోసి మూత వేసి మరిచిపొమ్మని ప్రకటన. మనవాళ్లు ఇంజన్ ఆయిలునీ మరిచిపోయారు. ఈ బండి ఫోర్ స్ట్రోకు ఇంజన్‌లో ఉండేదే లీటరుకి కాస్త తక్కువ నూనె. తగ్గితే చెప్పే దీపం లేదు, పుల్ల తీసి చూసుకోవాలి. గుర్తున్నవాళ్లు ఇంట్లోనే మార్చారు. నూనె దించే బోల్టు స్టీలు, అది బిగుసుకునే ఇంజన్ చాంబరు అల్యూమినియం. నూనె కారకూడదని పానాకి పైపు తొడిగి బిగిస్తే మరలు ఊడి బోల్టుతోపాటు చేతికొస్తాయి. కొంతమందికి చాంబరే పగిలేది. పది నిమిషాల పనికి ఇంజన్ మొత్తం దించాల్సి వచ్చేది.

కారు ఆయిలు పోసుకోవడం ఇంకో వేషం. ఈ బళ్లలో క్లచ్చు ప్లేట్లు ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటాయి. కార్లకు మేలని కలిపే జారుడు మందులు ఇక్కడ క్లచ్చుని జారనిస్తాయి. జపాన్ వాళ్లు 1998లో మోటారు సైకిల్ నూనెలకు జాసో అని వేరే ప్రమాణం పెట్టింది ఇందుకే. డబ్బా వెనక ఎంఏ అక్షరాలు చదివి కొనేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

2012లో డ్యూక్ 200 వచ్చింది. దాని సిలిండరులో ఇనప స్లీవు లేదు, అల్యూమినియం మీద నికాసిల్ పూత. మామూలు బోరు కన్నా బాగా మన్నుతుంది, నిజమే. కానీ నూనె లేక గీరుకుపోతే మా మిషన్‌కి దానితో పని లేదు. కోస్తే పూతే పోతుంది. పాతికా లేదు, యాభయ్యీ లేదు, బ్లాకు మార్చడమే. ఇంట్లో నూనె మార్చి డ్రెయిన్ బోల్టు వదులుగా వదిలేసిన ఒక కుర్రాడు అలాంటి బ్లాకు తెచ్చి, "ఎంత సైజు పట్టుద్ది బాబాయ్?" అనడిగాడు. గేజి పెట్టి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. కొత్త బ్లాకు, పిస్టన్ ధర విన్నాక వాళ్ల నాన్న బేరం ఆడలేదు, బయటికెళ్లి నిలబడ్డాడు.

2020లో బీఎస్ 6 వచ్చాక కార్బురేటరు విప్పే సరదా కూడా చాలా కొత్త బళ్లకు తీరిపోయింది. మా షాపులో ఇప్పుడు తిరిగే పని ఎక్కువగా ఆర్‌ఎక్స్ 100లదే. తాతల బళ్లు మనవలు బయటికి తీస్తున్నారు, వీడియోలు చూసి విప్పుతున్నారు, విప్పినవన్నీ ఐస్‌క్రీము డబ్బాలో పోసి తెస్తున్నారు. వాటిలో చాలావరకు వంద సైజు ఎప్పుడో దాటేసినవే. పిస్టన్ మీద ఆ అంకె చూపించి, స్లీవుకి ఎంతవుతుందో చెబుతాను. సగం మంది చేయిస్తారు.