మన పండుగలు, వాని పటములు



సంవత్సరమున కొకమాఱు మనమందఱము కూడుకొను ఈ శుభసమయమున, పండుగలను గూర్చిన యొక చిన్న చారిత్రక విచారమును మీ సన్నిధి నుంచుచున్నాను. పండుగ గడచిపోవును, పటము మిగులును. పటము లేని పండుగ పెద్దల నోట కొన్నాళ్లు నిలిచి, వారితోడనే యంతరించును. కావున ఎవరి యుత్సవములకు పటములు మిగిలినవో, ఎవరివి మిగులలేదో తెలిసికొనుట మనకు ముఖ్యము.

మొదట ప్రభువుల యుత్సవములను చూతము. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున రాజా దీన్ దయాళుగారు (1844–1905) ఛాయాచిత్రకారులై యుండిరి. దర్బారులును, విందులును, వేటలును వారి గాజుపలకలపై నిలిచినవి. అట్టి పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1911లో సింహాసన మధిష్ఠించెను. ఆయన రజతోత్సవము 1937 ఫిబ్రవరిలో జరుగగా, ఆ నెలలోనే అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన రూపమును ముఖపత్రమున ప్రకటించెను. ఆ యుత్సవమునకై వెలువడిన తపాలాబిళ్లలపై ఉస్మానియా ఆసుపత్రి, విశ్వవిద్యాలయము, జూబిలీ హాలు మొదలగు భవనములు గలవు. కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలును నాడా ప్రభుత్వము క్రిందివే. అయినను ఆ బిళ్లలపై నాగలి లేదు, మగ్గము లేదు.

అట్లయిన మన పండుగలకు చిత్రకారులే లేరా? ఉండిరి. కెమెరా పుట్టుటకు పూర్వమే తెలంగాణమున నకాషీలు కులపురాణములను గుడ్డపై వ్రాయుచుండిరి. సుద్దయు, చింతగింజల జిగురును పూసి గట్టిపఱచిన పొడవైన గుడ్డపై, ఎఱ్ఱని భూమికమీద, కథను వరుసగా చిత్రింతురు. కథకులు ఆ పటమును చుట్టగా చుట్టి ఊరూర కొనిపోయి, కథ నడచుకొలది విప్పి చూపుదురు. గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలమగు మనకు కూనపులివారు ఇట్టి కథకులు. భావనాఋషి విష్ణునాభికమలమునుండి నూలు గొనివచ్చి తొలివస్త్రమును నేసిన కథ సుమారు 1625 నాటి పటముగా హైదరాబాదులోని జగదీశ్ కమలా మిత్తల్ చిత్రశాలలో నేటికిని గలదు. అనగా దీన్ దయాళుగారి జననమునకు రెండువందల యేండ్లకు ముందే మన కథకు పటము గలదన్నమాట!

మఱి పాతపటములు స్వల్పముగా మిగులుటకు కారణమేమి? జీర్ణించిన పటమును పూజించి నదిలో విడుచుట కథకుల యాచారము. అది నిర్లక్ష్యము గాదు, భక్తియే. పాతది నీటగలియులోపల క్రొత్తది వ్రాయించుకొనెడివారు గనుక కథకు లోపము రాలేదు. ఛాయాచిత్రమున కట్టి పునర్జన్మము లేదు. ఒకనాటి నూలుపున్నమ యూరేగింపు చిత్రము చెదలపాలైన, దానిని మరల వ్రాయు నకాషీ లేడు.

మన సీమలో దోమకొండ కోట పరిరక్షణమునకు 2022లో యునెస్కోవారి పురస్కారము లభించినది. రాళ్లను కాపాడుకొన గల్గితిమి, సంతోషము. కాని మాఘశుద్ధ తదియనాటి మార్కండేయ జయంతియు, శ్రావణపున్నమనాటి జంధ్యధారణమును, తల్లులు పేర్చిన బతుకమ్మలును ఏ కోటలో నున్నవి? మన యిండ్ల పెట్టెలలోను, చెమ్మగోడలమీదను మాత్రమే యున్నవి. బతుకమ్మ 2014లో రాష్ట్రపు పండుగ యయ్యెను. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, కామారెడ్డి జిల్లా యేర్పడెను. ఇట్టి దినములకు ప్రభుత్వమువారి చిత్రము లుండును. మన పెద్దల పండుగలకు మనమే దిక్కు.

కావున నా విన్నపము స్వల్పము. కామారెడ్డిలోగాని, ఎల్లారెడ్డిలోగాని ప్రతిగృహమువారును తమ పాత చిత్రములను చెమ్మగోడలనుండి దింపి, పెద్దలు జీవించియుండగనే వారికి చూపి, ఎవరెవరో యడిగి, వెనుకవైపున సంవత్సరమును, ఊరును, పేర్లను మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. పేరు తెలియని ముఖము మనుమని తరమునకు పరాయిదగును. రాబోవు సభకు ఒక్కొక్కరు ఒక్కొక్క చిత్రము దెచ్చినచో, నూలుపోగులు చేరి వస్త్రమైనట్లు మన చరిత్రయు నేయబడును.