తెలిసిన కథ, కుదిరిన జంట: ‘మిస్సమ్మ’ (1955)లో కొలువు, నటన, ప్రణయం

ఉపోద్ఘాతం

ముగింపు ముందే తెలిసిన కథను ప్రేక్షకుడు చివరిదాకా కూర్చుని ఎందుకు చూస్తాడన్న ప్రశ్న తెలుగు రంగస్థలానికి కొత్తది కాదు. కృష్ణా జిల్లా మైలవరంలో జమీందారీ పోషణతో నడచిన బాలభారతి నాటక సమాజం 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో విశేష ఖ్యాతి గడించింది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులు అందులో రాణించారు. ఆనాటి పౌరాణిక నాటకాల కథలు ప్రేక్షకులకు చిన్నతనం నుండీ తెలిసినవే. తెలిసిన సన్నివేశాన్ని ఫలానా నటుడు ఎలా నడుపుతాడు, ఎదుటి పాత్రధారితో అతనికి ఎలా పొసగుతుంది అన్నవే వారిని నాటకశాలకు రప్పించాయి. 1932లో వచ్చిన ‘శకుంతల’ టాకీలో సురభి కమలాబాయి సరసన యడవల్లి దుష్యంతుడుగా నటించడంతో ఈ అభిరుచి వెండితెరకూ చేరింది.

ఇలా జంట పొసగడాన్నే నేటి సమీక్షకులు ‘కెమిస్ట్రీ’ అంటున్నారు. దానిని వివరణకు అందని సహజగుణంగా భావించడం పరిపాటి. విజయా సంస్థ నిర్మించిన ‘మిస్సమ్మ’ను పరిశీలిస్తే ఈ గుణానికి పాత్రల అమరిక, తారల ఎంపిక, రంగస్థల శిక్షణ అనే మూడు కారణాలు కనిపిస్తాయి. ఆ ఆకర్షణ ఏ ప్రశ్నలను మరుగున పడవేసిందో కూడా తెలుస్తుంది.

కొలువు కోసం కాపురం

1955 జనవరి 12న విడుదలైన ఈ చిత్రానికి ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు, నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు. రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం దీనికి ఆధారం. అప్పాపురం జమీందారు గోపాలం తన పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు ఉపాధ్యాయులుగా కావాలని ప్రకటిస్తాడు. నిరుద్యోగులైన ఎం.టి. రావు, మేరీ భార్యాభర్తలమని చెప్పి ఆ కొలువులో చేరతారు. మేరీకి ఈ జీతం అత్యవసరం. అప్పు ఇచ్చిన డేవిడ్ దానిని అడ్డం పెట్టుకొని తనను పెళ్ళాడమని వేధిస్తుంటాడు.

రావు, మేరీ ఒకటవుతారని ప్రేక్షకుడు తొలి ఘట్టాల్లోనే గ్రహిస్తాడు. తప్పిపోయిన జమీందారు కుమార్తె మహాలక్ష్మి మేరీయేనన్న సంగతి కూడా అతనికి త్వరలోనే తోస్తుంది. అయినా ఆసక్తి సడలకపోవడానికి ఉద్యోగపు షరతే మూలం. ఇక్కడ పాఠం చెప్పడం సగం పని, దంపతులుగా నటించడం మిగతా సగం. నలుగురి ఎదుట అన్యోన్యంగాను, తలుపు మూయగానే కయ్యానికి సిద్ధంగాను ఉండవలసిన పాత్రలివి. ఒకే సన్నివేశంలో ఒక ముఖం నుండి మరొక ముఖానికి మారే వేగంలోనే హాస్యం పుడుతుంది. రావు సీతకు సంగీతం నేర్పడం చూసి మేరీ కినుక వహించినప్పుడు, నటన ఎక్కడ ఆగి అనురాగం ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు. ఆ గీతను ప్రేక్షకుడు ఆమెకన్నా ముందే చూస్తాడు.

వెన్నెల రాత్రి యుగళగీతం ఇందుకు మంచి నిదర్శనం. సాధారణంగా ప్రణయగీతానికి వాడే చందమామను ఇక్కడ ఇద్దరూ ఒకరిపై ఒకరు ఫిర్యాదు చేసుకోవడానికి పిలుస్తారు. పింగళి నాగేంద్రరావు సాహిత్యం, సాలూరి రాజేశ్వరరావు స్వరరచన, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం కలిసి ఈ ఎత్తిపొడుపునే ప్రణయంగా మార్చాయి.

ఒక కథ, మూడు భాషలు

మేరీ పాత్రకు మొదట ఎంపికైన నటి భానుమతి. కొంత చిత్రీకరణ జరిగాక చక్రపాణితో అభిప్రాయభేదాల వల్ల ఆమె తప్పుకొన్నారు. సీత పాత్రకు అనుకొన్న సావిత్రి మేరీ కాగా, సీత పాత్ర జమునకు దక్కింది. తెలుగువారు నేడు విడదీసి ఊహించలేని ఎన్.టి. రామారావు, సావిత్రి జంట ఈ చిత్రం వరకు నిర్మాతల తొలి ఎంపిక కాదన్నమాట.

ఏకకాలంలో తయారైన తమిళ ‘మిస్సియమ్మ’లో సావిత్రి సరసన జెమినీ గణేశన్ నటించారు. 1957లో ప్రసాదే దర్శకత్వం వహించిన హిందీ ‘మిస్ మేరీ’లో జెమినీ గణేశన్ సరసన మీనాకుమారి కనిపిస్తారు. మొదట నాయకుడు మారాడు, తరువాత నాయిక మారింది. కథ, దర్శకుడు మాత్రం మారలేదు. సావిత్రి, జెమినీ గణేశన్ నిజజీవితంలోనూ దంపతులు. తెరవెనుక బంధమే తెరమీది ఆకర్షణకు ఆధారమైతే, అటువంటి బంధమేదీ లేని తెలుగు జంట ఇంతగా నిలిచిపోవడాన్ని వివరించలేము.

రెండవ జంట విషయంలో భాషల మధ్య తేడా మరింత స్పష్టం. అపరాధపరిశోధకుణ్ణని గర్వించే రాజు పాత్రను తమిళంలో హాస్యనటుడు తంగవేలు, హిందీలో కిశోర్ కుమార్ ధరించారు. తెలుగులో ఆ పాత్ర అక్కినేని నాగేశ్వరరావుది. 1953 నాటి ‘దేవదాసు’తో విషాదనాయకుడిగా ముద్రపడిన నటుడు అమాయకపు డిటెక్టివ్‌గా కనిపించడమే ప్రేక్షకునికి ఒక వింత. ఊహకు అందే కథలో ఊహకు అందని అంశాన్ని పాత్రధారుల ఎంపిక సమకూర్చింది. 1962లో విజయా వారి ‘గుండమ్మ కథ’ ఈ రెండు జంటలనే మళ్ళీ తెచ్చింది. అందులోనూ రామారావు పాత్ర పనివాడుగా ఇంట చేరి వలపు గెలుస్తుంది.

డెల్టా రంగస్థల వారసత్వం

ఈ చిత్రబృందంలో అధికులు కృష్ణా పరిసరాలవారు. గోపాలం పాత్రధారి ఎస్.వి. రంగారావు మైలవరానికి పొరుగున ఉన్న నూజివీడులో జన్మించారు. కృష్ణకు ఆవలి ఒడ్డున చిర్రావూరులో పుట్టిన సావిత్రి విజయవాడలో నాట్యం నేర్చి నాటకాలాడారు. గుడివాడ ప్రాంతానికి చెందిన అక్కినేని రంగస్థలంపై స్త్రీ పాత్రలతోనే పేరు పొందారు. నిమ్మకూరుకు చెందిన రామారావు విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ ప్రోత్సాహంతో నాగమ్మ పాత్రను మీసాలతోనే పోషించారు. పింగళి బందరు నాటకరంగం నుండి వచ్చినవారు. తెనాలివాడైన చక్రపాణి బెంగాలీ నవలల అనువాదకుడు.

స్త్రీ పాత్రలను పురుషులు ధరించిన రంగస్థలంపై ప్రణయం పూర్తిగా అభినయసాధ్యం. ఎదుటివారి మాట ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టడం, తన వంతు వచ్చేదాకా ముఖంతోనే బదులివ్వడం అక్కడి శిక్షణ. మేరీ విసుగును రావు చిరునవ్వుతో కాచుకొనే సన్నివేశాలలో ఈ శిక్షణ ఫలితం చూడవచ్చు. జంట పొసగడం చాలావరకు నేర్చిన పని అనడానికి ఇది బలమైన ఆధారం.

ముగింపు

‘మిస్సమ్మ’ మొదలైనది చదువుకొన్న యువతకు కొలువు దొరకని కాలం గురించి, జీతమే ఆధారమైన ఒక క్రైస్తవ యువతి గురించి. కాలిమీది పుట్టుమచ్చ ఆమెను జమీందారు బిడ్డగా నిరూపించగానే ఆమె అప్పు, ఉద్యోగం, మతభేదం అన్నీ ఒక్కసారిగా అప్రస్తుతమవుతాయి. మేరీ మేరీగానే మిగిలి ఉంటే రావుతో ఆమె పెళ్ళి ఎలా జరిగేదన్న ప్రశ్నకు చిత్రం జవాబు ఇవ్వదు. అప్పటికే జంట మనసుకు దగ్గరైనందువల్ల ప్రేక్షకుడూ అడగడు. కనుక తారల జోడీని కేవలం వినోదసామగ్రిగా పరిగణించడం చాలదు. ఊహించదగిన కథ ఏ సామాజిక ప్రశ్నను దాటవేస్తున్నదో, ఆ దాటవేతను ప్రేక్షకుని చేత అంగీకరింపజేయడంలో జంట పాత్ర ఎంతో పరిశీలించినప్పుడే ఇటువంటి చిత్రాల చరిత్ర సమగ్రమవుతుంది.