ఋశ్యశృంగుఁడు - శనిచరుఁడు

హైదరాబాదు నగరమునకుఁ దూర్పున నున్న సరూర్‌నగర్ చెఱువు 1626 వ సంవత్సరమునఁ గుతుబ్‌షాహీల యేలుబడిలోఁ ద్రవ్వఁబడినది. ఊరికి సరూర్‌నగర్ అను పేరు మాత్రము అంతకుఁ జాలఁ గాలము పిమ్మట, నిజాముల మంత్రి యగు అరస్తూజా నాఁటి సరూర్ అఫ్జా బాయిని బట్టి వచ్చినదని ప్రతీతి. ఈ ప్రాంతమున నిజాముల వేఁటకై కాపాడఁబడిన పొదల యడవి యొకటి యుండెను. కృష్ణజింకలకు నెలవైన యా యడవియే 1975 లో వర్ధమాన మహావీరుని 2500 వ నిర్వాణోత్సవ సందర్భమున ఆయన పేరఁ హరిణవనస్థలి యయ్యెను. ఆఱవ నిజామగు మహబూబ్ అలీ ఖాను సరూర్‌నగరునఁ గట్టించిన రాజగృహము, 1901 లో విక్టోరియా రాణి మరణించిన పిమ్మట, ఆమె స్మారకముగా అనాథబాలుర కీయఁబడినది. లేళ్ల యడవియు అనాథశరణాలయమును నిట్లొక్కచోఁ జేరినవి. లేళ్ల నడుమఁ బెరిగిన బాలుని పురాణకథయు, శరణాలయమునకుఁ దేఁబడిన అరణ్యబాలుర యాధునిక చరిత్రమును గలిపి విచారించుట కింతకంటెఁ దగిన తావు తెలుఁగునేలపై లేదు.

మొదటివాఁడు ఋశ్యశృంగుఁడు. తెలుఁగువారు ఋష్యశృంగుఁడని మూర్ధన్యషకారముతో వ్రాయుచుందురు. ఋషిశబ్దముతోడి చుట్టఱికమును భ్రమించుట దీనికిఁ గారణము కావచ్చును. ఋశ్యశబ్దము తాలవ్యశకారము గలది. అమరసింహుఁడు దానిని మృగభేదములలోఁ జేర్చినాఁడు. కొందఱు దానిని మనుఁబోతందురు. ఋశ్యశృంగము వంటి శృంగము గలవాఁడని బహువ్రీహి. తలపై నట్టి కొమ్ముండుటచే నా పేరు వచ్చినదని భారతమే నిర్వచించుచున్నది. కాఁబట్టి పేరులో మృగమే కలదు గాని ఋషి లేఁడు.

ఇతని కథ రామాయణమున బాలకాండములో సుమంత్రుఁడు దశరథునకుఁ జెప్పినదిగా నున్నది. భారతమున నరణ్యపర్వమునందుఁ దీర్థయాత్రాప్రసంగమున లోమశుఁడు ధర్మరాజునకుఁ జెప్పినది. నన్నయభట్టు తెలుఁగు చేసిన భాగములోనిదే యిది. బౌద్ధజాతకములలో నితఁడు ఇసిసింగుఁడు. విభాండకుని కుమారుఁడు, తల్లి లేడి. తండ్రిని దప్ప నన్యమనుష్యునిఁ జూచి యెఱుఁగఁడు. అంగరాజగు లోమపాదుని దేశమున వానలు లేకపోఁగా నీ బాలుని రప్పించినఁ గురియునని పెద్దలు చెప్పిరి. వేశ్యలు నావపై నాశ్రమము వంటిది కల్పించుకొని వచ్చి యతనిని దోడ్కొని పోయిరి, వాన కురిసెను, రాజు శాంత నిచ్చి పెండ్లి చేసెను. కథ యింతయే. దీనిని శృంగారకథగా నెంచి దాఁటిపోవువారే పెక్కండ్రు.

అయితే భారతములోని ఋశ్యశృంగుని మాటలు నిలిచి చదువఁదగినవి. వచ్చినది స్త్రీ యని యతఁ డెఱుఁగఁడు. బ్రహ్మచారి యొకఁడు వచ్చె నని తండ్రికిఁ జెప్పును. ఆమె యాడిన చెండును వర్ణించుచు, గుండ్రని వింతపండని, నేలఁ గొట్టినఁ బై కెగయునని యనును. రామాయణములో నతఁడు మోదకములను దిని పండ్లే యనుకొనును. ఈ రెండు కావ్యముల కవులును జూచిన సూక్ష్మ మొక్కటియే: బాలునకుఁ బదములు కలవు, పదార్థములు లేవు. వేదము నేర్చినవాఁడు, వాక్యనిర్మాణమున లోపము లేదు. లోకములోని క్రొత్తవస్తు వెదురుపడినప్పుడు తన కున్న కొలఁది శబ్దములనే లాగి దానికిఁ దొడుగుచున్నాఁడు. ఆలంకారికులు లక్షణ యనునది యితనికి శాస్త్రము చెప్పకయే వచ్చినది.

ఇంకొక విశేషము. అతిథి పోయిన పిమ్మట నతఁడు కృత్యములు మఱచి దిగులుతోఁ గూర్చుండును. ఆ బ్రహ్మచారియొద్దకుఁ బోవలెనని, వానితోఁ గూడి తపస్సు చేయవలెనని తండ్రి నడుగును. పండ్రెండేండ్ల పిల్లవాఁడు తోడి విద్యార్థి యూరికిఁ బోయినప్పుడు పడు దిగులే యిది. తండ్రి వారు రాక్షసులని చెప్పి వెదకఁబోయెను. ఆ నడుమ బాలుఁడు వెడలిపోయెను. పాణిని సఖ్యార్థమున సాప్తపదీనమను శబ్దమును బ్రత్యేకముగా సాధించినాఁడు. ఏడు పదములచేఁ గలుగునది సఖ్యము. పదమనఁగా మాటయు నగును, అడుగును నగును. ఋశ్యశృంగునకు మాటలు గలవు గనుక సఖ్య మొకపూఁటలోఁ గుదిరినది. మాటలు లేనివాని గతి యేమి?

మాట లెట్లు వచ్చునో మన శాస్త్రకారులు విచారింపకపోలేదు. శక్తిగ్రహమునకు ముఖ్యోపాయము వృద్ధవ్యవహారము. పెద్దవాఁ డొకఁడు ఆవును దెమ్మనును, వేఱొకఁడు తెచ్చును, ప్రక్కనున్న శిశువు చూచును. పిదప ఆవును గట్టుమనఁగా, గుఱ్ఱమును దెమ్మనఁగా, ఆవాపోద్వాపములచే నే శబ్దమున కే యర్థమో వేర్పఱచుకొనును. ఇందు గమనింపఁదగిన దేమనఁగా, ఆ యిద్దఱు పెద్దలును శిశువునకు బోధించుట లేదు; తమ పని తాము చేసికొనుచున్నారు. భాష బోధనకంటె ముందు సహవాసము. విభాండకుఁ డొక్కఁడే యైనను ఋశ్యశృంగున కా వృద్ధుఁ డుండెను. అట్టివాఁడు లేని శిశువు పెరిగి పెద్దయైన పిమ్మట నీ మార్గము తెఱచి యుండునా యనునదియే ప్రశ్న.

1800 వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని అవేరోఁ మండలమున నడవినుండి చిక్కిన బాలునికి విక్టరను పేరు పెట్టి, ఇటార్ అను వైద్యుఁడు పారిసు నగరమున నేండ్ల తరబడి చదువు చెప్పెను. బాలుఁడు అక్షరపు బిళ్లలతోఁ బాలు అను మాటను గూర్చుట నేర్చినాఁడు. కాని పాలు ముందుంచిన పిమ్మటనే కూర్చుచుండెను. పాలు కావలె నన్నప్పుడు కాదు. ఇటార్ దీనికిఁ జాల ఖేదపడినాఁడు. శబ్దము వచ్చినది గాని వ్యవహారము రాలేదు. అయినను వానిని గనిపెట్టి చూచుచుండిన గెరాఁ అను గృహిణి భర్త చనిపోయినప్పుడు విక్టరు అలవాటు చొప్పున నాతని పళ్లెరమును బల్లపై నుంచి, ఆమె దుఃఖమును జూచి తీసివేసె నని యిటార్ వ్రాసెను. విక్టరు 1828 లో నా గృహిణి పోషణమందే మరణించినాఁడు. పాఠము ఫలింపని చోట పొత్తు ఫలించినది.

మన దేశములోని తోడేలిపిల్లల కథలయందు మిక్కిలి జాగ్రత్త వలయును. వంగదేశమున మిదునపురమునందలి క్రైస్తవబోధకుఁడు సింగు 1920 లో నిద్దఱు బాలికలను తోడేలిగుహనుండి తెచ్చితినని వ్రాసెను. అమల 1921 లోను, కమల 1929 లోను మరణించిరి; ఆయన దినచర్య 1942 లో నచ్చయ్యెను. ఆ దినచర్యను నమ్మరాదని, బాలికలు పుట్టుకతోనే వ్యాధిగ్రస్తులై యుందురని 2007 లో ఫ్రెంచి వైద్యుఁడు అరోల్ తన గ్రంథమున వాదించినాఁడు. ఆతని వాదము బలవత్తరముగానే యున్నది. తోడేలు పెంచెననుట యొకటి. మనుష్యసంసర్గము లేక పెరిగెననుట వేఱొకటి. మొదటిదానిఁ గన్నులారఁ జూచినవారు లేరు. రెండవదానికి వేఱు కారణము లుండవచ్చును: మాట రాని బిడ్డను దలిదండ్రులే విడిచి యుండవచ్చును. అప్పుడు అడవి మాటను హరించినదా, మాట లేమి యడవికిఁ బంపినదా యనునది తేలదు. ఈ సందేహము సికంద్రా బాలురకును వర్తించును.

ఆగ్రా చెంత, అక్బరు సమాధి యున్న సికంద్రాలోని మిషనరీల యనాథశరణాలయమునకు 1867 లో బులంద్‌షహరు మండలమునుండి యొక బాలుఁడు తేఁబడెను. వేఁటకాండ్రు తోడేలిబొఱియకుఁ బొగ పెట్టి పట్టిరని చెప్పిరి. శనివారమున వచ్చినవాఁడు గనుక శనిచరుఁ డనిరి. శనైశ్చర శబ్దమే యట్లఱిగినది. మెల్లగా నడచువాఁడని దాని వ్యుత్పత్తి. నాలుగు కాళ్లపైఁ బోవు వానికి రెండు కాళ్లపై నడుచుట నిజముగానే మెల్లగా వచ్చినది. పచ్చిమాంసము మానుట కును, బట్ట కట్టుట కును జాలఁ గాలము పట్టెను. పొగ త్రాగుట మాత్రము సుళువుగా నేర్చెను. లోకము వ్యసనమును నేర్పినంత వేగముగా విద్యను నేర్పదు! మాట యొక్కటియు రాలేదు.

1872 లో మైన్‌పురి మండలమునుండి వేఱొక బాలుఁడు వచ్చెను. భూగర్భశాస్త్రజ్ఞుఁడగు వాలెంటైన్ బాల్ 1880 లోఁ బ్రకటించిన తన గ్రంథమున నీ యిద్దఱిని గూర్చి శరణాలయాధికారి యిచ్చిన సమాచారమును జేర్చినాఁడు. ఏ యాహారమును నోటఁ బెట్టుకొనకమున్ను వాసన చూచుట మొదలగు నలవాట్లు వర్ణించిన పిమ్మట, అందొక చిన్న విషయ మున్నది. ఈ యిద్దఱి నడుమ నేదో యొక యాత్మీయత కుదిరినదఁట; పాత్రతో నీరు త్రాగుటను చిన్నవానికి మొదట నేర్పినది పెద్దవాఁడేనఁట. మిషనరీలు కాదు, పరిచారకులు కాదు. ఇరువురకును భాష లేదు. తాను వచ్చి యైదేండ్లయినవాఁడు క్రొత్తగా వచ్చినవానికి వృద్ధుఁడై, శాస్త్రకారుల వృద్ధవ్యవహారములో శబ్దమును దీసివేసి మిగిలినదానిని నడపినాఁడు. సాప్తపదీనములోని పదమునకు అడుగను నర్థమే యిచటఁ బనికివచ్చును.

చిన్నవాఁడు కొన్ని నెలలకే చనిపోయెను. శనిచరుఁడు సికంద్రాలోనే యుండి 1895 లో మరణించెను. ఋశ్యశృంగుఁడు మాత్రము, తనకుఁ గుమారుఁడు కలిగిన పిమ్మట, తండ్రి యాజ్ఞ ననుసరించి శాంతతోఁ గూడ నడవికే మరలిపోయె నని భారతము చెప్పుచున్నది. శృంగేరి చెంతనున్న కిగ్గ గ్రామమున నతని పేర వెలసిన శివాలయము కలదు. వానలు వెనుదీసిన యేఁట జను లచటికిఁ బోయి ప్రార్థింతురు.