ఎండ అమ్మబడును: ఒక ప్రకటనకు టీకా తాత్పర్యాలు

అక్టోబరు చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి. ఆ మర్నాటి నుంచి సాయంత్రం అయిదుకే చీకటి. సరిగ్గా అప్పుడే ఫోన్లలో, బస్సుల మీద ఈ ధోరణి ప్రకటనలు ముసురుకుంటాయి. నమూనాకి ఒకటి:

"టెనెరిఫేలో వింటర్ సన్. 7 రాత్రులు, ఆల్ ఇన్‌క్లూజివ్. సముద్రం కనిపించే గది, బీచ్‌కి నడిచి వెళ్లే దూరం. విమానం, ట్రాన్స్‌ఫర్లు కలిపి, అటోల్ రక్షణతో, తలకి 799 పౌండ్ల నుంచి."

ఇందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. అయినా స్లౌలోనో రెడింగ్‌లోనో ఉంటూ, పిల్లలతో మొదటిసారి ఇలాంటి సెలవుకి డబ్బు కట్టబోయే తెలుగు కుటుంబం దీన్ని మాటమాటకీ ఆగి చదవాలి. అమ్మేవాడు అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో వేసేది తిండీ తాగుడూ. కొనేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఏ తీరం, ఏ వారం అని. హోటలు ఆ తరవాత. భోజనం లెక్క అన్నింటికన్నా చివర.

టెనెరిఫేలో వింటర్ సన్ — టెనెరిఫే స్పెయిన్‌దే గానీ, ఉండేది ఆఫ్రికా పక్కన, మొరాకోకి పడమరగా అట్లాంటిక్‌లో. అక్షాంశం సుమారుగా ఢిల్లీది. లండన్ నుంచి విమానంలో నాలుగున్నర గంటలు. గడియారం బ్రిటన్‌దే కాబట్టి పిల్లల నిద్ర చెడదు. డిసెంబరు 21న లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా నిండదు, అక్కడ పదిన్నర గంటలకు అటూ ఇటూ. నిజానికి ఈ ప్రకటన అమ్ముతున్నది వేడిని కాదు, ఆ అదనపు వెలుతురుని. జనవరి మధ్యాహ్నం ఉష్ణోగ్రత 20, 21 డిగ్రీలు. హైదరాబాద్‌లో అదే రోజు అంతకంటే వెచ్చగా ఉంటుంది. సముద్రం 19, 20 డిగ్రీలు. విశాఖలో అలల్లో ఆడి పెరిగినవాళ్లు మోకాలి లోతు దిగి వెనక్కి వచ్చేస్తారు. అందుకే హోటలుని అడగాల్సిన మొదటి ప్రశ్న పూల్ నీళ్లు వేడి చేస్తారా అని. రెండోది, పెద్దల పూల్‌నీ చేస్తారా, పిల్లలదేనా అని.

దీవిలో ఏ వైపన్నది ఇంకా ముఖ్యం. నడిమధ్య తైదే అగ్నిపర్వతం, 3,715 మీటర్లు, స్పెయిన్ మొత్తానికీ ఎత్తయిన శిఖరం. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు తెచ్చిన తేమ ఉత్తరపు వాలుకి తగిలి మబ్బు కడుతుంది. అందుకే పుయెర్తో దె లా క్రూజ్ వైపు అరటితోటలూ పచ్చదనమూ. దక్షిణాన కోస్తా అదేహె, లాస్ క్రిస్టియానోస్ వైపు ఎండ, బోడికొండలు. రెండిటికీ నడుమ దూరం గంటన్నర కారు ప్రయాణమే, ఆకాశాలు మాత్రం వేరు. ఉత్తరపు విమానాశ్రయం ఆ మబ్బులోనే ఉంటుంది. 1977 మార్చి 27న అక్కడి పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. మరుసటి ఏడాది దక్షిణాన కొత్త విమానాశ్రయం తెరిచారు. ఇప్పుడు బ్రిటన్ నుంచి వచ్చే ప్యాకేజీ విమానాలు దాదాపు అన్నీ దిగేది అక్కడే. కాబట్టి ప్రకటనలో దీవి పేరు చూసి ఊరుకోకుండా ఊరి పేరు చూడాలి. జనవరిలో ఎండ కోసమే వెళ్తున్నవాళ్లు ఉత్తరాన గది తీసుకోవడం తెలివైన పని కాదు, అది ఎంత చవకైనా.

అప్పుడప్పుడు సహారా నుంచి కలీమా అనే ధూళిగాలి వస్తుంది. ఆకాశం బూడిద రంగుకి తిరిగి, వేడి ఎక్కుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ చేతిసంచీలోనే పెట్టుకోవాలి.

సముద్రస్నానమే కావాలంటే ఇంకా దూరం పోవాలి. ఎర్ర సముద్రం ఒడ్డున హుర్గాదాలో నీళ్లు కాస్త వెచ్చన, కానీ గాలి ఎక్కువ, రాత్రికి స్వెటర్ తప్పదు. డల్లస్, న్యూజెర్సీ తెలుగువాళ్లకి ఇలాంటి చోటు మెక్సికోలోని కాన్‌కూన్. అక్కడ డిసెంబరులో నీళ్లు బాగుంటాయి, తుపానుల కాలం నవంబరు 30తో ముగుస్తుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చే సర్గాసమ్ నాచు బెడద ఎక్కువగా ఉండేది వేసవి వైపు.

7 రాత్రులు — రాత్రులే, రోజులు కావు. రాత్రి పదకొండుకి హోటలు చేరి, ఎనిమిదో రోజు పొద్దున్నే బయల్దేరితే చేతిలో ఉండేది ఆరు పగళ్లు. విమానం వేళలు చూడకుండా రెండు ధరల్ని పోల్చడం వృథా.

ఆల్ ఇన్‌క్లూజివ్ — తిండీ తాగుడూ ధరలోనే కలిసి ఉంటాయని. వాక్యం మొత్తంలో బరువైన మాట. ఈ పద్ధతి పాతదే. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియన్ క్రీడాకారుడు మయోర్కా దీవిలోని అల్కూదియాలో గుడారాలు వేసి సెలవు శిబిరం నడిపాడు. అదే క్లబ్ మెడ్. తిండీ ఆటలూ ఒకే రుసుములో. తాగేవాటికి మాత్రం తరవాత్తరవాత మెడలో పూసల దండ వేసుకుని, గ్లాసుకి ఇన్ని పూసలని తెంపి ఇచ్చే పద్ధతి ఉండేది. ఇప్పుడు పూసలు పోయి చేతికి ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. వారం రోజులూ స్నానంలో కూడా తీయరు.

ఆ పట్టీకి ఏమేం వస్తాయన్నది హోటలుకో రకం. బార్ ఎన్నింటికి మూస్తారు? 'స్థానిక పానీయాలు' అంటే ఊళ్లో తయారైన బీరూ రమ్మూ, పేరున్న విస్కీకి వేరే డబ్బు. బఫే కాక విడిగా ఉండే రెస్టారెంటులో వారానికి ఒక్కపూటే ఉచితమేమో. గదిలో లాకర్, ఐస్‌క్రీమ్, యంత్రంలోది కాని కాఫీ, ఇవన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ కాగితం డబ్బు కట్టకముందే తెప్పించుకోవాలి.

అసలు లెక్క వేరే ఉంది. ఈ ధరలో మద్యం ఖర్చు సగటున కలిసి ఉంటుంది. తాగని నలుగురి కుటుంబం పక్క బల్లవాళ్ల గ్లాసులకి వంతు కడుతున్నట్టే. (ఆ గ్లాసుల సంగతి ముదిరిపోవడంతో, 2020లో బలేరిక్ దీవుల ప్రభుత్వం మయోర్కాలోని మగలూఫ్ లాంటి కొన్ని చోట్ల ఆల్ ఇన్‌క్లూజివ్ అతిథికి రోజుకి ఆరు మద్యం గ్లాసులకే పరిమితి పెట్టింది. టెనెరిఫేకి అది వర్తించదు.) అరగంటకోసారి జ్యూసో చిప్సో అడిగే ఇద్దరు పిల్లలుండి, వారమంతా పూల్ దాటి కదలకూడదని అనుకునేవాళ్లకి ఈ పద్ధతి బంగారం. జేబులో చెయ్యి పెట్టే పని ఉండదు, ప్రతి బిల్లు దగ్గరా మొహాలు ముడుచుకోవు. కానీ ఒకరోజు తైదే, ఒకరోజు పైలట్ తిమింగలాల పడవ, ఒకరోజు లా లగూనా పాత వీధులు అని రాసుకున్నవాళ్లు మధ్యాహ్నం భోజనానికి రెండుసార్లు డబ్బు కట్టినట్టు. వాళ్లకి హాఫ్ బోర్డ్, అంటే పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ, చాలు. నన్నడిగితే మనవాళ్లలో ఎక్కువమందికి అదే నప్పుతుంది.

శాకాహారుల మాట. బఫేలో ఆకలితో ఉండరు, కానీ జాగ్రత్త కావాలి. కూరగాయల సూప్‌లో కోడి రసం ఉండొచ్చు. స్పెయిన్‌లో 'వెజిటల్' అని రాసిన శాండ్‌విచ్‌లో చాలాచోట్ల ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. దీవివాళ్ల సొంత వంటకం ఒకటి మాత్రం వదలకూడదు, పాపాస్ అర్రుగాదాస్. చిన్న బంగాళాదుంపల్ని తొక్కతోనే, బాగా ఉప్పేసిన నీళ్లలో, నీళ్లు ఇంకేదాకా ఉడికిస్తారు. తొక్క ముడతలు పడి, దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. పక్కన మోహో రోహో: ఎండు ఎర్రమిరప, వెల్లుల్లి, జీలకర్ర, నూనె, వెనిగర్ కలిపి నూరింది. మన ఎండుమిర్చి పచ్చడికి పినతల్లి కూతురు. ఆవకాయ సీసా పెట్టెలో పెట్టుకోవచ్చు, చేతిసంచీలో వద్దు. నెయ్యి మాత్రం ఎందులోనూ పనికిరాదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యని వదిలాక అక్కణ్ణుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం నిషేధం.

సముద్రం కనిపించే గది — 'పక్కనుంచి కనిపించేది' అని కూడా ఒక తరగతి ఉంది. బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పాలి. రోజంతా కిందే ఉండేవాళ్లు ఆ తేడా డబ్బు మిగుల్చుకోవడం మేలు.

బీచ్‌కి నడిచి వెళ్లే దూరం — కోస్తా అదేహెలో చాలా హోటళ్లు కొండవాలు మీదే కట్టారు. దిగడం సులువు. తోపుడుబండిలో బిడ్డతో ఎక్కడమే కష్టం. మ్యాపులో దూరంతో పాటు వాలూ చూసుకోవాలి. ఇసుక సహజంగా నల్లనిది, అగ్నిపర్వతపుది. సాంతా క్రూజ్ దగ్గరి తెరెసీతాస్ బీచ్‌లోని పసుపు ఇసుక 1970లలో సహారా నుంచి ఓడల్లో తెచ్చి పోసింది. అట్లాంటిక్ అలలు బలమైనవి. ఎర్రజెండా ఎగిరిన రోజు ఈతగాళ్లు కూడా దిగకూడదు.

విమానం, ట్రాన్స్‌ఫర్లు — పెట్టె బరువు కలిపారా లేదా చూడండి. ట్రాన్స్‌ఫర్ అంటే హోటలు హోటలుకీ ఆగే బస్సు. మీది ఆఖరిది కావచ్చు.

అటోల్ రక్షణ — మామూలుగా ఎవరూ చదవని మాట. విమానం, హోటలు కలిపి అమ్మే సంస్థ దివాలా తీస్తే మీ డబ్బు వెనక్కి ఇప్పించే, అప్పటికే వెళ్లినవాళ్లని ఇంటికి చేర్చే ఏర్పాటు ఇది, 1973 నుంచీ ఉంది. 2019 సెప్టెంబరు 23న థామస్ కుక్ అనే ప్రయాణాల సంస్థ మూతపడినప్పుడు దాదాపు లక్షన్నర మంది బ్రిటన్‌వాళ్లు విదేశాల్లో ఉన్నారు. ప్రభుత్వం విమానాలు పెట్టి తీసుకొచ్చింది. టికెట్ ఒకచోట, హోటలు ఇంకోచోట మీరే విడివిడిగా కొంటే ఈ గొడుగు ఉండదు. డబ్బు కట్టగానే అటోల్ సర్టిఫికెట్ రావాలి, రాకపోతే అడగాలి.

తలకి 799 పౌండ్ల నుంచి — 'నుంచి' అన్న చోట ఆగండి. ఆ ధర వెనక ఉండేవి ఇవి: ఒకే గదిలో ఇద్దరు పెద్దలు, జనవరి మధ్యలో ఒక మంగళవారం, మీ ఊరికి దగ్గర కాని విమానాశ్రయం. బడులకి సెలవుండే ఫిబ్రవరి హాఫ్ టర్మ్ వారానికి ఇదే గది ధర ఎక్కడికో పోతుంది. అందుకని బడి ఎగ్గొట్టిస్తే ఇంగ్లండులో జరిమానా ఉంది: 2024 ఆగస్టు నుంచి ఒక్కో బిడ్డకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. దాన్ని కూడా టికెట్ ఖర్చులో కలిపేసుకునేవాళ్లు ఉన్నారు. ఇంకా బడికి పోని పిల్లలున్నవాళ్లు మాత్రం జనవరిని వదులుకోకూడదు.

ప్రకటనలో లేని మాట, వీసా — ఈ ప్రకటన బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్లని ఉద్దేశించి రాసింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి, బ్రిటన్‌లో ఎన్నేళ్ల నివాసానుమతి ఉన్నా, టెనెరిఫేకి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకూ దరఖాస్తు చేయొచ్చు. రుసుము పెద్దవాళ్లకి 90 యూరోలు, 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా, తిరుగు ప్రయాణం తరవాత మూడు నెలలైనా చెల్లే పాస్‌పోర్టు. చిక్కల్లా అపాయింట్‌మెంట్ దగ్గరే, సెలవుల ముందు అవి దొరకవు. వీసా రాలేదని ప్యాకేజీ రద్దు చేసుకుంటే మామూలుగా డబ్బు తిరిగి ఇవ్వరు, అటోల్ కూడా దానికి వర్తించదు. కాబట్టి జనవరి ఎండకి ఆగస్టులోనే అపాయింట్‌మెంట్ తేదీలు చూడటం మొదలుపెట్టి, తేదీ ఖాయమయ్యాక తక్కువ అడ్వాన్సుతో గది పట్టి, మిగతా డబ్బు కట్టే గడువు వీసా వచ్చే రోజుకి తరవాత పడేలా చూసుకోవాలి.